ఓమెర్ ఊపిరి బడాయి

గోద్లీవ్ కెఫేలో ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక గాజు బహుమతి చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతోంది. అరచేతిలో ఇమిడేంత గాజు దిమ్మ, అందులో ఊపిరితిత్తుల జత. ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘంవాళ్లు కొత్తగా పరిశోధనలోకి దిగిన కుర్ర డాక్టర్లలో మేటి అనిపించినవాళ్లకి ఏటా ఇస్తారు దాన్ని. ఈ ఏడు యోలీన్‌కి ఇచ్చారు. నిన్న వియన్నాలో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు వేదికెక్కి అందుకున్న మనిషి, ఇవాళ దగ్గరి పట్నం గెంట్‌లో రైలు దిగి, ఇంటి గడపైనా తొక్కకుండా, బహుమతి సంచిలో వేసుకుని తిన్నగా ఈ పల్లెటూరి కెఫేకి వచ్చేసింది. ఇదేమిటమ్మా అని అడిగితే, దీని అసలు హక్కుదారులు ఇక్కడ కూర్చుని బీరు తాగుతున్నారు గదా అంది.

ఇక్కడ కూర్చున్నవాళ్లంతా పావురాల పందెం మనుషులు. శుక్రవారం సాయంత్రం పక్షుల్ని బుట్టల్లో పెట్టి ఇదే కెఫేకి తెచ్చి లారీ ఎక్కిస్తారు. ఫ్రాన్సులో ఎక్కడో వదిలిపెడితే అవి రెక్కలు కొట్టుకుంటూ ఇల్లు చేరతాయి. ఎవరి పక్షి ముందు చేరిందన్న దాని మీద మళ్లీ శుక్రవారం దాకా వాదన నడుస్తుంది. ప్రతి పెరట్లోనూ ఒక పావురాల గూడు, అంటే నిచ్చెనెక్కి పోయే చెక్క గది. ఆ గది నిండా ఈకల పొడి, రెట్టల దుమ్ము. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. ఇదివరకు డాక్టర్లందరిదీ ఒకటే మాట, పక్షుల్ని వదిలించుకోండి అని. అందుకని ఈ ఊరివాళ్లు దగ్గుని జలుబనీ ఆయాసాన్ని వయసనీ సరిపెట్టుకుని ఆసుపత్రికి మొహం చాటేసేవాళ్లు.

యోలీన్ వేరే దారి పట్టింది. రమ్మని కబురు పెట్టకుండా, ఊదితే ఊపిరి ఎంతుందో అంకెలో చూపించే యంత్రమూ దాని గొట్టమూ భుజాన వేసుకుని తనే గూళ్ల దగ్గరికి వచ్చింది. రబ్బరు బూట్లు తొడుక్కుని నిచ్చెనలెక్కింది. ఈక నలగకుండా పావురాన్ని ఎలా పట్టుకోవాలో నేర్చుకుంది. అయినా మొదట్లో చాలా నెలలు ఏమీ తేలలేదు. ఎందుకంటే వీళ్లు పందెగాళ్లు గదా, ఊదడం కూడా ఒక పందెమే అనుకున్నారు. యోలీన్ వస్తోందంటే వారం ముందు నుంచీ, పందెం పక్షికి ఎలా చేస్తారో తమకి తాము అలాగే చేసుకున్నారు. గూడు ఊడ్చే పని పెళ్లాలకి అప్పగించి, పాలు తాగి, గుడ్లు తిని, పెందలాడే ముసుగు తన్ని పడుకున్నారు. తీరా ఊదితే అందరి ఊపిరీ నిక్షేపంగా వచ్చింది. ఆ అమ్మాయి తల పట్టుకుంది.

ఒకనాడు చెప్పాపెట్టకుండా వచ్చి, గూడు ఊడుస్తున్న రెమీని చీపురుతో సహా పట్టుకుని ఊదించింది. అంకె ధబాల్న పడిపోయింది. వారం రోజులు గూడు ఛాయలకి పోవద్దని చెప్పి మళ్లీ ఊదిస్తే లేచింది. జబ్బు మొదలయ్యే చోటు ఆ రెండు అంకెల మధ్యే దొరికింది ఆమెకి. అక్కడ పట్టుకోగలిగితే చాలామందిలో ముదరకుండా ఆపొచ్చని, కొందరు ముక్కుకీ నోటికీ ముసుగు కట్టుకుని, దుమ్ము తడిపి ఊడ్చుకుని పక్షుల్ని ఉంచుకోవచ్చు కూడానని ఓపిగ్గా చూపించింది. ఈ ముసలాళ్లు చేసిన దొంగపని ఆ పిల్ల చేతిలో పడి పరిశోధన అయింది. అంత బుర్రా, బుర్రకి మించిన ఓపికా ఉన్న మనిషిని తానైతే చూడలేదని కెఫే నడిపే గోద్లీవ్ వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతుంది, అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

గాజు దిమ్మకి షరతు పెట్టింది కూడా గోద్లీవే. ఊదినవాళ్లు మాత్రమే పట్టుకోవాలి. ఒక్కొక్కళ్లూ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, పక్షిని అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని, కాసేపు చూసుకుని పక్కవాళ్లకి ఇస్తున్నారు. రెమీ అయితే దాన్ని ముద్దు కూడా పెట్టుకుని, అందరూ నవ్వుతుంటే సిగ్గుపడి, బల్ల మీద పెట్టి ఓమెర్ వైపు జరపబోయాడు.

ఓమెర్ సంగతి చెప్పాలి. బుర్ర మీసాలు, ఎర్రటి మొహం, పెద్ద పొట్ట, అంతకంటే పెద్ద నోరు. లెయే నది ఒడ్డున ఇటు నుంచి అటు దాకా వెతికినా అంత కోతల రాయుడు దొరకడు. ఊరందరూ ఊదారు గానీ ఓమెర్ ఊదలేదు. యోలీన్ వచ్చినప్పుడల్లా పక్షులు పొదుగుతున్నాయనీ, నడుం పట్టేసిందనీ, రేపనీ, ఎల్లుండనీ తప్పించుకున్నాడు. ఊళ్లోవాళ్లకి మాత్రం, నన్ను పెద్దాసుపత్రికి పిలిపించి విడిగా ఊదించారు అని చెప్పుకున్నాడు. ఒకరి సంగతి ఇంకొకరికి డాక్టర్లు చెప్పరని ఆయనకి తెలుసు, ఆ ధైర్యంతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

ఎందుకు తప్పించుకున్నాడంటే, చలికాలం నుంచీ గూడు నిచ్చెన ఒక్క ఊపున ఎక్కలేకపోతున్నాడు. మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, ఆకాశం చూస్తున్నట్టు నటించి మళ్లీ ఎక్కుతున్నాడు. ఊదితే అంకె వస్తుంది, అంకె వస్తే పక్షుల్ని తీసేయమంటారు. ఆ పక్షులు వాళ్ల నాన్న పెంచిన జాతి. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. పొద్దున్నే గూట్లోకి వెళ్లి రాత్రి నిద్ర పట్టిందో లేదో, మోకాలు ఎలా ఉందో వాటికి చెబుతాడు. ఈ లోకంలో ఓమెర్ నిజం చెప్పేది వాటికి మాత్రమే.

అలాంటివాడి ముందుకి గాజు దిమ్మ వచ్చింది. పట్టుకోవడానికి మనసొప్పలేదు, పట్టుకోకపోతే ఎందుకని అడుగుతారు. అందుకని దాన్ని బల్ల మీద రెమీ ముందే ఉండనిచ్చి, తనకి బాగా చేతనైన పని మొదలుపెట్టాడు.

"గాజుదేముందిలే అమ్మాయ్, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాణ్ణి ఈ బల్ల దగ్గర నేనొక్కణ్ణే, ఎందుకంటావా, నువ్వీ ఊళ్లో మొట్టమొదట అడుగుపెట్టిన రోజున మా గేటు ముందే గదా నీ బుల్లి కారు బురదలో దిగబడింది, వాన, ఈదురుగాలి, కుక్క మొరుగుతోంది, నేనేమో బంగాళాదుంపలు చెక్కు తీసుకుంటున్నాను, ఎవరో పిల్ల అవస్థ పడుతోందని కత్తి అక్కడ పారేసి వచ్చి, ఒంటి చేత్తో, కుడి చెయ్యి కూడా కాదు, ఎడం చేత్తో కారుని లేపి రోడ్డు మీద పెట్టి, పద అమ్మాయ్ అని పెరట్లోకి తీసుకెళ్లి నిచ్చెన చూపించి, మూడో మెట్టు పుచ్చింది జాగ్రత్త, అదిగో ఆ తలుపు తీస్తే పావురాలు, నీ పరిశోధన అక్కడుంది పో, అని దారి చూపించిందెవరు, ఈ ఓమెర్ కాదూ?"

ఇందులో నిజం లేకపోలేదు. కారు దిగబడిన మాట నిజం, నిచ్చెన చూపించిన మాటా నిజం. యోలీన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతూ వింటోంది.

"కారు లేపింది పక్కింటి ట్రాక్టరు గదా" అన్నాడు రెమీ. ఓమెర్ కోతకి సూది గుచ్చడం నలభై ఏళ్లుగా రెమీ ఉద్యోగం. పందేల్లో కూడా ఒకరికొకరు ప్రత్యర్థులు, ఒకరి పక్షి గెలిస్తే రెండోవాడికి ఆ రోజు అన్నం సయించదు.

"ట్రాక్టరు తర్వాత వచ్చిందిరా, నేను లేపిన కారుని చూసి పోదామని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమ్మాయి గొట్టం తీసి ఊదమంది. నేనన్నాను, తల్లీ, యంత్రం ఖరీదైనదిలా ఉంది, నీ సొంతమా, ఆసుపత్రిదా, ఎందుకైనా మంచిది ఒకసారి ఆలోచించుకో అని. వింటేనా! ముక్కుకి క్లిప్పు పెట్టింది. సరేనని గుండె నిండా గాలి పీల్చాను. పీల్చేసరికి గూట్లో పక్షులన్నీ జరజరా నా వైపు జారాయి, కిటికీ అద్దం లోపలికి వంగింది, పక్క పెరట్లో ఆరేసిన దుప్పటి ఎగిరొచ్చి మా గుమ్మానికి అతుక్కుంది. అప్పుడు ఊదాను. యంత్రంలో గీత పైకి పోయింది, పోయి పోయి కాగితం అయిపోయింది, అయినా ఆగలేదు, చెక్క గోడ మీదికెక్కి పైకప్పు మీదికి పాకింది, ఇప్పటికీ ఉందక్కడ, రెండుసార్లు సున్నం కొట్టించినా పోలేదు."

"మరి గాలి ఎటు పోయింది?" అని అడిగింది గోద్లీవ్, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. ఆవిడకి ఓమెర్ కోతలంటే సరదా. ఇంకాస్త దూరం తోలడానికి తనూ ఓ చెయ్యి వేస్తుంది.

"అదడుగు! యంత్రం వెనక నుంచి బయటికొచ్చి, బీట్‌రూట్ చేలు దాటి, మన పాత గాలిమర ఉంది గదా, మా తాతల నాడు ఆగిపోయి ఇప్పుడు స్కూలు పిల్లలు చూసిపోయే గాలిమర, దాని రెక్కలకి తగిలింది. తిరగడం మొదలెట్టింది. లోపల ఎవరో మర్చిపోయిన గోధుమ బస్తా ఉంటే అది కాస్తా పిండైపోయింది. ఆ పిండితోనే గదా నువ్వు ఆ ఆదివారం పాన్‌కేకులు వేశావు?"

"అవునవును, కాస్త బూజు వాసన వచ్చాయి" అంది గోద్లీవ్. బల్ల బల్లంతా గొల్లుమంది.

నవ్వుల మధ్య ఓమెర్ గ్లాసెత్తి ఓ గుక్క తాగాడు. దాహం వేసి కాదు. ఛాతీలో పట్టేసినట్టుంది. ఇదివరకు ఇంతకి రెట్టింపు కోసినా అలుపొచ్చేది కాదు. పోనీ ఇక్కడితో ఆపేద్దామా అనుకున్నాడు గానీ, ఆపితే గాజు దిమ్మ మళ్లీ తన వైపు వస్తుంది. రెమీ అప్పుడే దాని మీద వేళ్లు వేసి ఉంచాడు.

"అసలు కథ ఇంకా మొదలే కాలేదు" అని మళ్లీ అందుకున్నాడు. "అందరి దగ్గరా నెత్తురు తీసింది గదా అమ్మాయి, ఆ సీసాలు సాయంత్రంలోగా గెంట్ చేరాలి, లేకపోతే పాడైపోతాయి. ఆ రోజు చూస్తే సైకిల్ పందెం. రోడ్లన్నీ కట్టేశారు. పోలీసుల్ని బతిమాలాం, కాళ్లు పట్టుకున్నాం, ఊహూఁ, అంబులెన్సైనా సరే సైకిళ్లు పోయేదాకా ఆగాల్సిందే అన్నారు. అమ్మాయి కళ్లల్లో నీళ్లు. నేనన్నాను, ఏడవకు తల్లీ, నా బారన్ ఉన్నాడుగా, అని."

బారన్ అంటే ఓమెర్ నీలం మగ పావురం. దాని కాలికి సీసాలు కట్టి గెంట్ ఆసుపత్రికి వదిలానని అనేసరికి, నవ్వడానికి సిద్ధంగా ఉన్న బల్ల ఒక్కసారి చప్పబడింది. పావురాల మనుషుల ముందు ఎన్ని కోతలైనా కోయొచ్చు గానీ ఇది మాత్రం కుదరదు.

"ఒరేయ్" అన్నాడు రెమీ, "పావురం ఎక్కణ్ణుంచి వదిలినా ఇంటికి వస్తుంది. ఇంటి నుంచి ఆసుపత్రికి పోదు. చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఇప్పుడు పప్పులో కాలేశావు."

అందరూ ఓమెర్ మొహంలోకి చూశారు. ఓమెర్ తొందరపడలేదు. గ్లాసెత్తాడు, దించాడు, మీసాలు తుడుచుకున్నాడు.

"అందుకే గదరా... నెల ముందే దాన్ని ఆసుపత్రిలో చేర్పించాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోద్లీవ్ చేతిలో పళ్లెం కింద పెట్టేసి నవ్వింది. రెమీ కూడా పెదవి కొరుక్కున్నాడు, ఆ దెబ్బ ఓమెర్‌దే మరి. ఆ తర్వాత ఓమెర్ చెప్పుకుపోయిందేమిటంటే, ఊపిరితిత్తుల వార్డులో కిటికీ పక్క మంచం బారన్‌కి ఇచ్చారు. దుప్పటి కప్పారు. జొన్నలూ బఠాణీలూ పళ్లెంలో పెట్టి తెచ్చేవారు, పక్క మంచం పెద్దాయన రోజూ పేపరు చదివి వినిపించేవాడు, క్రీడల పేజీ ముందు. నెల తిరిగేసరికి బారన్‌కి అదే ఇల్లయిపోయింది. పొద్దున్నే డాక్టర్లు వార్డు చూడటానికి వస్తే వాళ్ల వెనకే మంచం మంచానికీ ఎగురుకుంటూ పోయేది. ఎవరి ఛాతీ మీద వాలి ఒకసారి కూస్తే ఆయన ఇంటికి పోవచ్చు, రెండుసార్లు కూస్తే ఉండాలి. ప్రొఫెసర్లకి అంతుపట్టని దగ్గులు అది ఇట్టే పట్టేసేది.

"దానికి తెల్లకోటు కూడా కుట్టించారటగా?" అన్నారెవరో.

"కుట్టించారు... వేసుకోనంది. రెక్కలకి అడ్డమని." ఓమెర్ ఆగాడు. గ్లాసెత్తాడు. "ఇంటికి తెచ్చి... సీసాలు కట్టి వదిలాను. ఎదురుగాలి. బారన్ వెనక్కి వెనక్కి వస్తోంది. చూస్తూ ఊరుకుంటానా... గూడు కప్పెక్కాను. వెనక నుంచి ఊదాను. గెంట్ దాకా... ఒకే ఊపిరి. దారిలో సైకిళ్లవాళ్లు కూడా... తొక్కకుండానే గెలిచారు."

నవ్వులు లేచాయి. అందరూ నవ్వుతున్నారు, యోలీన్ తప్ప. కాసేపటి నుంచి ఆమె నవ్వడం మానేసింది. గడ్డం కింద చెయ్యి తీసేసి ముందుకి వంగి కూర్చుంది. ఓమెర్ అది గమనించి, అమ్మాయికి తన కోత నచ్చలేదేమో అనుకున్నాడు. ఆమెకి నచ్చాలని ఆయనకి నిజంగానే ఉంది. తన గూటికి ఎన్నిసార్లు వచ్చి ఎన్నిసార్లు ఉత్త చేతులతో పోయినా ఒక్కనాడు విసుక్కోని పిల్ల. పోయేటప్పుడు నిచ్చెన కింద నిలబడి, పక్షులు బాగున్నాయి ఓమెర్ గారూ అని చెప్పి మరీ పోయేది. ఆ పిల్ల కోసమైనా కథ మంచి చోట ముగించాలని, ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"ఇక వియన్నా. బహుమతి ఎవరికివ్వాలో... ప్రొఫెసర్లకి తేలలేదు. అన్ని దేశాల కుర్రాళ్లూ వచ్చారు, అందరూ ఉద్దండులే. అప్పుడు నాకు కబురొచ్చింది. ఎలా పోవాలి? శుక్రవారం... ఇక్కడికొచ్చి బుట్టలో కూర్చున్నాను. కాలికి రింగు వేశారు. పావురాలతో పాటు... లారీ ఎక్కించారు. ఏం గోద్లీవ్, నువ్వే గదా... మూత పెట్టావు?"

"పెట్టాను. రెండు బుట్టలు కలిపి కట్టాల్సొచ్చింది" అంది గోద్లీవ్.

"వేలమంది డాక్టర్లు. నేను... వేదికెక్కాను. అన్నాను గదా... అయ్యా, ఈ పిల్ల మా నిచ్చెనలెక్కింది. మా దుమ్ము తింది. మీలో ఎవరైనా... ఎప్పుడైనా... నిచ్చెనెక్కారా? ఒక్కడూ... మాట్లాడలేదు. అప్పుడు ఊదాను."

ఓమెర్ ఆగాడు. గ్లాసెత్తాడు. బల్ల చుట్టూ అందరూ ఆ ఊపిరికి ఏమైందో వినాలని మెడలు చాచారు. ఆయన గ్లాసు దించలేదు. పెదవులకి ఆనించుకుని అలాగే ఉన్నాడు, భుజాలు మాత్రం పైకీ కిందికీ కదులుతున్నాయి. ఆఖరికి దించి, "నెక్‌టైలు ఎగిరాయి... విగ్గులెగిరాయి... నది వెనక్కి పోయింది... అందరూ లేచి నిలబడి... ఈ పిల్లకే... ఈ పిల్లకే అన్నారు" అని ముగించి, కుర్చీలో వెనక్కి వాలాడు.

చప్పట్లు మోగాయి. బల్లలు చరిచారు. అలవాటు ప్రకారం అందరూ రెమీ వైపు తిరిగారు, ఇంత పెద్ద బుడగకి ఎంత పెద్ద సూది తెచ్చాడో చూద్దామని. రెమీ నవ్వడం లేదు. ఓమెర్ చేతిలో గ్లాసు వంక చూస్తున్నాడు.

"ఓమెర్" అన్నాడు, "కథ గెంట్ చేరకముందే అయిపోయింది నీ బీరు. అప్పట్నుంచీ ఏం తాగుతున్నావురా?"

గోద్లీవ్ గ్లాసు వంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడున్నవాళ్లందరూ ఆ గొట్టంలో ఊదినవాళ్లే. మాట మధ్యలో ఆగి దేన్నో ఒకదాన్ని అందుకోవడం ఎందుకో వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. కొందరైతే ఇంట్లో అదే పని చేసి, పైపు వెలిగిస్తున్నాననో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాననో భార్యల్ని మభ్యపెట్టినవాళ్లు. ఇంతసేపూ తాము నవ్వుతుంటే ఓమెర్ ఆగుతూ వచ్చింది కథ రక్తి కట్టించడానికి కాదని ఒక్కొక్కళ్లకీ తెలిసొస్తోంది.

బారన్‌కి మంచం వేయించిన ఓమెర్ ఖాళీ గ్లాసుని మెల్లిగా బల్ల మీద పెట్టి దూరంగా తోశాడు.

యోలీన్ కుర్చీ లాక్కుని ఆయన పక్కకి జరిగింది. ఎవరికీ వినపడకూడదని గొంతు తగ్గించింది గానీ, కెఫే అంతా ఊపిరి బిగబట్టి ఉంది, వినపడకుండా ఎలా ఉంటుంది.

"కారు లేపినప్పుడు గేటు దగ్గర్నుంచి పావురాల దాకా ఒక్క బిగిన చెప్పారు" అంది. "వియన్నాకి వచ్చేసరికి రెండేసి మాటలకోసారి ఆగారు. కథ చాలా బాగుంది ఓమెర్ గారూ. కానీ నేను సగం నుంచి కథ వినలేదు, మిమ్మల్ని విన్నాను."

"ఊదితే తీసేయమంటావు" అన్నాడు ఓమెర్, బల్ల చెక్క గోకుతూ. "అవి మా నాన్నవి."

"ఇక్కడెవరికైనా నేను చూడకుండా ముందే ఆ మాట చెప్పానా? అడగండి. మీకు చెప్పాల్సొస్తే చెబుతాను, చెప్పనని మాట ఇవ్వలేను. ఎందుకు చెబుతున్నానో మీకు నచ్చేదాకా మీ గూట్లో కూర్చుని చెబుతాను. ముందు ఊదండి."

ఆమె గొంతులో బతిమాలడం లేదు, బెదిరించడమూ లేదు. నిన్న అంతమంది ముందు బహుమతి తీసుకున్న మనిషి, ఇవాళ ఒక ముసలి అబద్ధాలకోరు ముందు తన పని మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టడానికి తయారుగా కూర్చుని ఉంది. ఓమెర్‌కి అది చూస్తే ఏడుపొచ్చింది. తల ఊపాడు.

యంత్రం ఆమె సంచిలోనే ఉంది. వియన్నాకి కూడా తీసుకెళ్లిందట, ఎందుకో తనకే తెలియదంది. కొత్త గొట్టం తగిలించి, ముక్కుకి క్లిప్పు పెట్టి, వీపు నిటారుగా ఉంచమంది. ఓమెర్ పీల్చుకున్నాడు. కిటికీ అద్దాలు వంగలేదు. గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు.

ఊదించేటప్పుడు పక్కన నిలబడి హుషారు చేయడం డాక్టరు పని. యోలీన్ నోరు తెరిచేలోపే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అందుకున్నారు. "ఊదు, ఊదు, ఇంకా, ఇంకా ఉంది, ఆపకు, ఇంకొంచెం." పందెం రోజున ఆఖరి పక్షి కోసం ఆకాశంలోకి చూస్తూ అరిచినట్టే అరిచారు. గోద్లీవ్ అందరికంటే గట్టిగా అరిచింది. ఓమెర్ మొహం కందిపోయింది, మెడ నరాలు తేలాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక లేదు అనుకున్న చోట కూడా, రెమీ గొంతు వినపడేసరికి ఇంకో పిసరు ఊదాడు.

ఆమె మూడుసార్లు ఊదించింది. యంత్రం వంక చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని ఓమెర్ ఒక్కడికే కనపడేలా తిప్పి, చెవిలో ఏదో చెప్పింది. ఓమెర్ వింటూ ఒకసారి కళ్లు మూసుకున్నాడు. ఇంకేదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది.

"ఎంతొచ్చింది?" అన్నాడు రెమీ.

యోలీన్ యంత్రం తీసి సంచిలో పెట్టింది. అది ఆమె చెప్పే మాట కాదు. అందరూ ఓమెర్ నోటి వంక చూశారు. అంకె ఎంతొచ్చినా దాన్ని పదింతలు చేసి, గాలిమర తిరిగిందనో చర్చి గంట మోగిందనో అనేస్తాడని కొందరికి ఇంకా ఆశ ఉంది. ఓమెర్ ముక్కు క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

"తక్కువొచ్చింది" అన్నాడు.

రెమీ మొహం పాలిపోయింది. నలభై ఏళ్లలో ఓమెర్ చెప్పిన ఒక్క మాటనీ నిజమని ఒప్పుకోనివాడు, లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరేయ్, ఇది కోత అని చెప్పరా."

"కాదురా. కానీ, మించిపోలేదట."

రెమీ ఆయన భుజం వదల్లేదు. యోలీన్ వైపు తిరిగాడు.

"డాక్టరమ్మా, ఆ రెండో మాట, మించిపోలేదన్నది, ఎవరిది? వీడిదా, మీదా?"

"నాదే" అంది యోలీన్.